పన్నెండు నల్ల సీసాలు

సెప్టెంబర్ 3, మంగళవారం. సాయంత్రం 7:10

కొత్త నోటు పుస్తకం! మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో రాశాను: ‘దేవేంద్ర, చీరల డిజైనర్, ధర్మవరం. స్టౌట్ బీరు రుచుల పుస్తకం.’ రాసి రెండుసార్లు చదువుకున్నాను. బాగుంది.

సంగతి ఇది. నిన్న డిజైన్లు ఇవ్వడానికి బెంగళూరు వెళ్ళాను. అక్కడ మా చీరలు కొనే షాపాయన కొడుకు గిరి నన్ను ఒక చోటికి తీసుకెళ్ళాడు. అక్కడ బీరు వాళ్ళే కాస్తారు. చిన్న గ్లాసులో నల్లగా వచ్చింది, పైన గోధుమరంగు నురగ. స్టౌట్ అట. గింజలు మాడేదాకా వేయించి చేస్తారట. గిరి ముందు వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో తిప్పాడు. ఒక ముక్క ఏదో కొరికాడు. తర్వాత జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు! తాగడానికి పుస్తకం! మా ఊళ్ళో తాగేవాళ్ళను చాలామందిని చూశాను గానీ, తాగి రాసుకునేవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

గిరి వాళ్ళది పది మంది గుంపు. నెలకొకసారి కూర్చుని రుచి చూస్తారు. “పన్నెండు రకాలు రుచి చూసి, మీ ఇంటి తిండిలో ఏది దేనికి కుదురుతుందో రాసుకొని రా దేవేంద్రా, నిన్ను చేర్చుకుంటాం. సంగటికి స్టౌట్ జోడీ కట్టినోడు మాలో ఒక్కడూ లేడు” అన్నాడు. పన్నెండు సీసాలూ తనే కొనిచ్చాడు.

రైల్లో చీరల సంచిలో పెట్టుకొచ్చాను. హిందూపురం దాటేదాకా గణగణా ఒకటే మోత. ఎదురు సీటు పెద్దామె “గుడికి గంటలా నాయనా?” అని అడిగింది. అవునన్నాను. ఆమె సంచికి దండం పెట్టింది.

తీర్మానాలు:
1. వారానికి రెండు రోజులే. ఆదివారం, బుధవారం.
2. రోజుకు ఒక్క గ్లాసే. నూటయాభై మిల్లీలీటర్లు.
3. తిండి లేకుండా చుక్క ముట్టను.
4. ప్రతి గ్లాసుకూ రంగు, వాసన, రుచి, జోడీ రాయాలి.
5. అమ్మకు తెలియకూడదు.

ఆది, బుధ ఎందుకంటే: సోమవారం శివుడిది. మంగళ, శుక్రవారాలు చౌడేశ్వరమ్మవి. గురువారం త్రివేణి ఉపవాసం. శనివారం ఆంజనేయస్వామిది. దేవుళ్ళు వదిలిపెట్టినవి ఈ రెండే.

అయిదోది ఎందుకంటే నాయన. మా నాయన హనుమంతప్ప తాగి తాగి పోయాడు. తొమ్మిదేళ్ళయింది. కర్మలైన మరుసటి రోజే అమ్మ చెప్పింది: “ఈ ఇంట్లో మళ్లా సీసా కనపడితే నేను గుమ్మఘట్టకు జయంతి ఇంటికి పోతా. మళ్లా ఈ గడప తొక్కను.” జయంతి నా అక్క, రాయదుర్గం అవతల ఉంటుంది. అమ్మ పేరు రామాంజినమ్మ, అన్నదంటే చేస్తుంది. ఒకసారి పాలవాడితో మాట్లాడనని చెప్పి నాలుగేళ్ళు మాట్లాడలేదు.

కానీ నేను చేయబోయేది తాగడం కాదు కదా. రుచి చూడడం. మా ఇంట్లో మగవాడు ఒక గ్లాసుతో ఆగగలడని ఎవరో ఒకరు చూపించాలి. ఆ ఒకరు నేనే.

త్రివేణికి మాత్రం చెప్పాను. నా భార్యే కాదు, నా మేనమామ కూతురు కూడా. దాచి బతకలేను. అంతా విని రెండే మాటలంది: “నా వంటింట్లోకి ఆ గ్లాసు రాకూడదు బావా. లెక్క దప్పినావంటే నేనే అత్తను పిల్చుకొచ్చి చూపిస్తా.”

సెప్టెంబర్ 4, బుధవారం. సాయంత్రం 6:30

మొదలు!

చోటు: మిద్దె మీద గది. మగ్గానికి కట్టే పాత డిజైన్ అట్టలు పేర్చిన గది. అమ్మకు మోకాళ్ళ నొప్పి, పద్నాలుగు మెట్లు ఎక్కలేదు. పైగా ఆరున్నరకు ఆమె సీరియల్. ఫ్రిజ్ వంటింట్లో ఉంది కాబట్టి సీసాలకు తడి గోనెపట్ట చుట్టాను.

సీసా నంబర్ 1.
రంగు: నలుపు. దీపం ముందు పెడితే అంచున ఎరుపు. ఈ రంగు పట్టులో వస్తే పెళ్ళి చీరలు వేయొచ్చు.
వాసన: కాఫీ గింజలు. ఇంకొంచెం సేపు చూస్తే మాడిన బెల్లం.
రుచి: ముందు చేదు. తర్వాత తీపి లాంటిది. తర్వాత మళ్ళీ చేదు.
జోడీ: వేయించిన చెనిక్కాయలు. ఆహా! చెనిక్కాయ పొట్టు మాడిన వాసనా ఇదీ ఒకటే ఇంటివి. పదికి తొమ్మిది మార్కులు.

గ్లాసు అయింది. ఆగాను. చూశారా, ఆగాను!

6:55. ఒక చిక్కు. సీసాలో సగం పైన మిగిలింది. రేపటికి గ్యాసు పోతుంది. త్రివేణి వచ్చి సీసా తీసుకుని కరివేపాకు చెట్టుకు పోసింది. నేను చూస్తుండగానే. చెట్టుకు నోటు పుస్తకం కూడా లేదు.

సెప్టెంబర్ 8, ఆదివారం. సాయంత్రం 6:40

సీసా నంబర్ 2. జోడీ: రాగి సంగటి, నాటుకోడి పులుసు.

పళ్ళెం పైకి తెస్తుంటే అమ్మ త్రివేణిని ఆపింది.

“పైకి ఏంటికే సంగటి?”

“ఆయప్పకు డిజైన్ పని ఉండాదంట అత్తా.”

“పని చేసుకుంటా తింటే ఒంటికి పడతాదా? కిందికొచ్చి తినమను.”

“అర్జెంటంట.”

నాకోసం త్రివేణి అబద్ధమాడింది. పైకొచ్చి పళ్ళెం టక్కున కింద పెట్టింది. ఆ చప్పుడు నాకు అర్థమైంది.

వాసన, రుచి: పులుసు కారానికి ఈ చేదు అడ్డం పడి నాలుకను కాపాడింది. సంగటి ముద్దను పులుసులో ముంచి మింగి, వెంటనే ఒక గుక్క. నమ్మండి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంత కారం వల్ల. గిరికి ఫోన్ చేసి చెప్పాలనిపించింది. చెప్పాను. “రాసుకో, రాసుకో!” అన్నాడు.

తీర్మానం 2కు చిన్న సవరణ: గ్లాసు అంటే సీసా. కారణం: మూడు రోజులకొకసారి కుళాయి వచ్చే ఊళ్ళో తాగేది ఏదైనా సరే పారబోయడం పాపం. సవరణకు అనుకూలం ఒక ఓటు. వ్యతిరేకం లేదు. త్రివేణిని అడగలేదు.

సెప్టెంబర్ 11, బుధవారం. సాయంత్రం 7:20

పట్టుబడ్డాను! అమ్మకు కాదు. కుళ్లాయప్పకు.

కుళ్లాయప్ప పక్కింట్లో మగ్గం నేస్తాడు. అట్టల్లో ఒకటి చిరిగిందని నేరుగా మిద్దె మీదకే వచ్చేశాడు. నేను అప్పుడే సీసా నంబర్ 3 తెరిచి, పాల స్టౌట్ అంటే తియ్యగా ఉంటుందని, పక్కన రెండు ఓలిగలు, అదే బొబ్బట్లు, నెయ్యి వేసి పెట్టుకుని, కళ్ళు మూసుకుని గ్లాసు వాసన చూస్తున్నాను.

“ఏమన్నా ఇది? ఇంజన్ ఆయిల్ మాదిరి ఉండాది!”

నోరు మూయించడానికి నంబర్ 4 వాడికి ఇవ్వాల్సి వచ్చింది. గుక్క నోట్లో తిప్పమని, వాసన చూడమని ఎంతో చెప్పాను. సీసా ఎత్తి ఒకే పట్టున తాగేసి మూతి తుడుచుకున్నాడు.

“సప్పగా ఉండాదన్నా. కిక్కు యాడ?”

“కిక్కు కోసం కాదప్పా. రుచి కోసం.”

“రుచి కావల్లంటే ఓలిగ తింటా గదా. దీంట్లో ఏంటికి తడుముకునేది?”

ఎవరికీ చెప్పనని కదిరి నరసింహస్వామి మీద ఒట్టు వేయించాను. ఓలిగ రెండోది కూడా వాడే తిన్నాడు.

నంబర్ 3 పదికి పది. నంబర్ 4 గురించి కుళ్లాయప్ప అభిప్రాయం: సప్ప. రాశాను. నిజాయితీ ముఖ్యం.

సెప్టెంబర్ 15, ఆదివారం. సాయంత్రం 6:30

ఈరోజు రెండు తెరిచాను. తాగడానికి కాదు, పోల్చడానికి! ఒకటే తెరిస్తే ఇది దానికంటే మంచిదని ఎట్లా రాస్తాం? పక్కపక్కన పెట్టకుండా రెండు పట్టు దారాల రంగు చెప్పమంటే నేను చెప్పగలనా? లేదు. కాబట్టి నంబర్ 5, నంబర్ 6.

జోడీ: బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి.
5: బాగుంది.
6: ఇదీ బాగుంది.
5 మళ్ళీ: 6 కంటే బాగుంది.
6 మళ్ళీ: లేదు, ఇదే.

7:30. ఉగ్గాని చాలా బాగుంది. బజ్జి చాలా బాగుంది. త్రివేణి చాలా మంచిది. ఆ మాట ఆమెతో చెప్పాను. “కిందికి రావద్దు, ఈడనే పండుకో. అత్తకు వాసనొస్తాది” అంది.

సెప్టెంబర్ 16, సోమవారం. ఉదయం 9:15

నిన్నటి రాత చూసుకున్నాను. త్రివేణి మాట తర్వాత ఇంకో నాలుగు వరుసలున్నాయి, ఏ భాషో తెలియదు. డిజైన్ లాగా మాత్రం ఉంది.

సెప్టెంబర్ 18, బుధవారం. సాయంత్రం 6:30

తెరవలేదు. ఈరోజు నుంచి పెద్దల పక్షం, చనిపోయినవాళ్ళను తలుచుకునే పదిహేను రోజులు. తాగకూడదని ఎవరూ అనలేదు. తాగొచ్చా అని త్రివేణిని అడిగాను.

“మామ పైనుంచి చూస్తాంటాడు. నీ ఇష్టం బావా” అంది.

సీసాకు మళ్ళీ గోనెపట్ట చుట్టేశాను. ఒక రోజు వదిలేశాను. నాలో ఇంత నిగ్రహం ఉందని నాకే తెలియదు. మీసం దువ్వుకున్నాను.

సెప్టెంబర్ 24, మంగళవారం

ఏమీ రాయను.

సెప్టెంబర్ 25, బుధవారం. ఉదయం 10:40

రాస్తాను.

మూడు నెలలు కూర్చుని గీసిన డిజైన్ నాది, చిలకలూ మొగ్గలూ ఉన్న అంచు. నిన్న మధ్యాహ్నం బజారులో ఒక చీర మీద వేలాడుతోంది. మిషన్ మగ్గం మీద నేసింది. దారం సిల్కు కూడా కాదు. ఎవడు ఎత్తుకున్నాడో తెలియదు. చిలక కన్ను దగ్గర నేను చేసిన తప్పు కూడా అట్లాగే ఉంది. ఆ తప్పును నిలబడి చూశాను. ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చి నేరుగా మిద్దె ఎక్కాను. మంగళవారం. చౌడేశ్వరమ్మ రోజు. సీసా నంబర్ 7. వెంటనే నంబర్ 8. గ్లాసు లేదు. పుస్తకం లేదు. ఒక చెనిక్కాయ గింజ కూడా లేదు. రంగు చూడలేదు, రుచి తెలియలేదు. ఎనిమిది గంటలకే అట్టల మీద పడి నిద్రపోయానట.

పొద్దున త్రివేణి అరవలేదు. అరిచినా బాగుండేది.

“నీ పళ్ళెం మూతేసి పెట్టుకొని కూచున్నా బావా. అత్త వచ్చి చూసింది. ‘వానికి ఒంట్లో బాగలేదా’ అనింది. మూతెత్తి చూసింది. మళ్లా మూసేసి పోయి పండుకునింది. ఆమె రాత్రి తినలేదు.”

“ఏమన్నా అనిందా?”

“ఏమంటాది? నేను చిన్నప్పుడు సెలవలకు ఈ ఇంటికొచ్చినప్పుడంతా చూసినా. మామ కోసం ఆమె ఇట్లే మూతేసి కూచునేది.”

సిగ్గేసింది. దానికంటే ఎక్కువ భయమేసింది. నేను నాయన లాగా కానని చూపించడానికి మొదలుపెట్టిన పని ఇది. మూడు వారాల్లో సరిగ్గా ఆయన దగ్గరికే వచ్చి నిలబడ్డాను.

తీర్మానాలన్నీ రద్దు. కొత్త తీర్మానం ఒక్కటే: మిగిలిన నాలుగు సీసాలు ముట్టను. గిరికి ఫోన్ చేసి నావల్ల కాదని చెప్తాను.

11:30. గిరి ఫోన్ ఎత్తలేదు. అంటే, నేను చేయలేదు.

సెప్టెంబర్ 29, ఆదివారం

6:30. తెరవలేదు.
6:40. మూత వాసన మాత్రం చూశాను. వాసన తాగడం కిందికి రాదు.
6:50. నాలుగింటినీ గుడ్డతో తుడిచి వరుసగా పెట్టాను.
6:55. వరుస మార్చాను.
7:10. కిందికి దిగి అమ్మతో సీరియల్ చూశాను. కోడలు మంచిదో అత్త మంచిదో తేలలేదు. అమ్మ నా ముఖం రెండుసార్లు చూసింది.

గెలిచాను!

అక్టోబర్ 1, మంగళవారం. సాయంత్రం 5:45

రేపు పెద్దల అమావాస్య. ఇంట్లో సందడి. అలసందలు నానబెట్టారు. తలకాయ కూరకు చెప్పి వచ్చాను.

రేపు మా వీధిలో ప్రతి ఇంట్లోనూ చనిపోయినవాళ్ళ ఫోటో ముందు వాళ్ళు బతికున్నప్పుడు ఏది ఇష్టపడ్డారో అదే పెడతారు. బీడీ తాగినాయనకు బీడీ కట్ట. ఆకువక్క నమిలినామెకు ఆకువక్క. మందు తాగినవాళ్ళకు మందు. పెట్టి, తలుపు మూసి, అందరూ బయట నిలబడతారు. వాళ్ళు వచ్చి తినిపోయారనుకున్నాక చప్పట్లు కొట్టి తలుపు తీస్తారు. మా ఇంట్లో మాత్రం తొమ్మిదేళ్ళుగా నాయనకు మందు లేదు. అమ్మ కాఫీ పెడుతుంది. నాయన జన్మలో కాఫీ ముట్టలేదు.

6:10. కుళ్లాయప్ప పరుగెత్తుకొచ్చాడు.

“అన్నా, కొంప మునిగింది! మందు షాపులో సరుకు అయిపోయిందంట. రేపు పొద్దున చూద్దాంలే అనుకుంటి. రేపు షాపే ఉండదంట!”

“ఏంటికి ఉండదు?”

“గాంధీ జయంతి గదా! క్యాలెండర్‌లో అమావాస్య చూసినాం గానీ ఎర్ర అంకె చూడలేదు. వీధి వీధంతా అంతే. మా నాయనకు ఏం పెట్టల్ల?”

చెప్పి వాడు మెల్లగా తల ఎత్తి మా మిద్దె వైపు చూశాడు.

“కుదర్దు” అన్నాను.

“నేనేమన్నా అడిగినానా అన్నా?”

“చూసినావు గదా.”

అక్టోబర్ 2, బుధవారం. అమావాస్య

ఉదయం 7:30. వీధి చివరి కదిరప్ప తాత వచ్చి మా గేటు ముందు నిలబడ్డాడు. ఆయనకు చెవుడు. చెవుడు కాబట్టి లోకమంతా చెవిటిదే అనుకుని మాట్లాడతాడు.

“దేవేంద్రా! మీ మిద్దె మీద నల్ల బీరు ఉండాదంట గదప్పా! మా నాయనకు ఒక సీసా ఇయ్యి!”

అమ్మ వరండాలో వడల పిండి రుబ్బుతోంది. రుబ్బుతున్న చెయ్యి ఆగింది.

7:34. కదిరప్ప వెనక మా వీధి మారెక్క. ఆమె వెనక, నేల చూపులు చూస్తూ కుళ్లాయప్ప.

“నరసింహస్వామి మీద ఒట్టేసినావు గదరా!”

“బతికున్నోళ్ళకు యెవరికీ చెప్పకూడదనుకున్నా అన్నా. ఇది చచ్చిపోయినోళ్ళ కోసం గదా. ఆ లెక్కన ఒట్టు తప్పినట్టు కాదు.”

నాకు వాడి మీద చెయ్యి చేసుకోవాలనిపించింది. అమ్మ వైపు చూడలేకపోయాను. అమ్మ చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళింది.

7:45. అమ్మ గుడ్డ సంచి తీసింది. రెండు చీరలు మడిచి పెట్టింది. మోకాలి తైలం పెట్టింది. కళ్ళజోడు పెట్టింది. త్రివేణి గుమ్మంలో అడ్డం నిలబడింది.

“అత్తా, పండగ పూట…”

“పండగ చేసే పోతా. మధ్యాహ్నం రాయదుర్గం బస్సు ఉండాది.”

గేటు దగ్గర ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. ఖాళీ చేతులతో పంపితే మూడిళ్ళలో పెద్దలు దప్పికతో తిరిగిపోతారు. మిద్దె ఎక్కి మూడు సీసాలు తెచ్చాను.

“మా నాయన బ్రాందీ మనిషి. ఇది పెడితే తిట్టుకోడు గదా?” అన్నాడు కదిరప్ప.

“ఆయనకు ఏం కూర పెడతాండారు తాతా?” గట్టిగా అరిచాను.

“పొట్టేలు కూర!”

“అయితే నంబర్ 9 తీసుకో. చేదు ఎక్కువ, కూరకు తట్టుకుంటాది. కూర తిన్నంక పెట్టల్ల, ముందు కాదు!”

మారెక్క మొగుడికి బతికుండగా తీపి పిచ్చి. “ఓలిగలు చేసినా దేవేంద్రా. సరిపోతాదా?” అని అడిగింది. నంబర్ 10, కాఫీ వేసింది. ఓలిగకు కాఫీ బాగా కుదురుతుందని చెప్పాను. కుళ్లాయప్ప నాయనకు నంబర్ 11. ఆయన ఏం తిన్నా ఏం తాగినా ఒకటే పట్టు, కొడుకును చూస్తే తెలుస్తుంది. ఏ కూరైనా పర్వాలేదన్నాను.

అమ్మ సంచి కట్టుకుంటుంటే నేను వాకిట్లో నిలబడి చచ్చిపోయినవాళ్ళకు జోడీలు కుదురుస్తున్నాను. నా బతుకు!

8:50. మెట్ల మీద అడుగుల చప్పుడు. మెల్లగా. ఆగి, మళ్ళీ. అమ్మ! పద్నాలుగు మెట్లు! నేను పరుగెత్తేలోగా గదిలోకి వచ్చి అట్టల మీద కూర్చుంది. ఎదురుగా ఖాళీ సీసాలు ఎనిమిది, నిండుది ఒకటి, ఈ పుస్తకం. కళ్ళజోడు సంచిలోంచి తెచ్చుకుంది. అమ్మ మూడో తరగతి వరకే చదివింది. అక్షరాలు కూడబలుక్కుని మొదటి పేజీ చదివింది. చాలా సేపు పట్టింది.

“తిండి లేకుండా… చుక్క… ముట్టను.” వేలు ఆ వరుస మీదే పెట్టి ఉంచింది. “ఇది నిజమేనా?”

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. “ఒక్క పొద్దు తప్పినా అమ్మా. పోయిన వారం మంగళవారం.”

“ఆ పొద్దు చూసినా లే.”

పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత అంది: “మీ నాయన తాగినందుకు కాదురా నేను యేడ్చింది. ఊళ్ళో యెవురు తాగలేదు? ఆయప్ప తాగి తినలేదు. పదహైదేండ్లు. తాగితే పళ్ళెం ముట్టడు. ముద్ద ఎండిపోయేది. తెల్లారి ఆవుకేసేదాన్ని. మనిషి లోపల్లోపల మాడిపోయినాడు. నాకు ఆయప్పకు కడుపునిండా పెట్టిన గుర్తే లేదు.”

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. నలభై రెండేళ్ళ మనిషిని, ఖాళీ సీసాల మధ్య.

అమ్మ నిండు సీసా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

“దీనికి ఏం కూరని రాసినావు?”

“ఇంకా రాయలేదు.”

“రాయొద్దు. నేను చేస్తా.”

మధ్యాహ్నం 12:20. తలకాయ కూర అమ్మే చేసింది. త్రివేణిని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. నాయన ఫోటో ముందు ఆకు వేసి సంగటి, కూర, అలసంద వడలు, ఓలిగ, పెరుగు పెట్టింది. నన్ను పిలిచి నంబర్ 12 గ్లాసులో పోయమంది. పక్కకు వంచి నిదానంగా పోశాను. గోధుమరంగు నురగ నిండుగా నిలబడింది. అమ్మ ఆ గ్లాసును తీసి ఆకుకు వెనక పెట్టింది, చెయ్యి చాచితే గానీ అందనంత దూరంలో.

“ముందు తిననీ” అంది ఫోటోతో, నాతో కాదు.

తలుపు మూశాం. ముగ్గురం బయట నిలబడ్డాం. మామూలుగా అయిదు నిమిషాలు. అయిదు నిమిషాలైంది. చప్పట్లు కొట్టబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఉండ్రా. తొందర పెట్టొద్దు. తింటాండాడు.”

గోడకు ఆనుకుని కింద కూర్చుంది. మేమూ కూర్చున్నాం. పది నిమిషాలు. ఇరవై. వీధిలో మిగతా ఇళ్ళలో చప్పట్లు వినిపించి అయిపోయాయి. మాకూ ఆకలి. కాకి గోడ మీదకొచ్చి అరుస్తోంది. అమ్మ కదల్లేదు. రాయదుర్గం బస్సు వేళయింది. అది పోయింది కూడా. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

అరగంట తర్వాత అమ్మే లేచి మూడుసార్లు చప్పట్లు కొట్టి తలుపు తీసింది. గ్లాసు వైపు చూడలేదు. ఆకు ముందు వంగి, కళ్ళజోడు సర్దుకుని, సంగటి ముద్దనే చూసింది.

“తిన్నాడు” అంది.

ఆకులో పెట్టింది పెట్టినట్టే ఉంది. గ్లాసులో ఒక వేలు తగ్గింది. నురగ దిగితే అంత తగ్గుతుంది, మిద్దె మీద ఎన్నిసార్లు చూశానో. అమ్మకు చెప్పలేదు.

సాయంత్రం 6:00. అమ్మ చీరలు రెండూ మళ్ళీ దండెం మీద ఉన్నాయి.

అక్టోబర్ 6, ఆదివారం. సాయంత్రం 6:30

గిరి ఫోన్ చేశాడు. “ఏమైంది దేవేంద్రా, పన్నెండూ రాసినావా?”

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మొదటి మూడూ బాగా రాశాను. నాలుగోది సప్ప. అయిదు, ఆరు ఏ భాషలో ఉన్నాయో తెలియదు. ఏడు, ఎనిమిది రాయలేదు, ఎందుకు రాయలేదో ఎదురుగా చెప్తాను. మిగతా నాలుగూ వీధిలోని చచ్చిపోయిన పెద్దలు తాగారు. వాళ్ళను అడిగి రాయాలంటే వచ్చే ఏడాది పెద్దల అమావాస్యదాకా ఆగాలి. మొదటి గుక్కకే అందరూ మెచ్చుకున్నారని మాత్రం కుళ్లాయప్ప హామీ ఇచ్చాడు.

గిరి చాలాసేపు నవ్వాడు. నవ్వి, మళ్ళీ రమ్మన్నాడు. ఇంకో పన్నెండు ఇస్తాడట. ఫోన్ పెట్టేసి చూస్తే వెనక అమ్మ.

“ఎప్పుడు పోతావు బెంగుళూరికి?”

“పోనులే అమ్మా.”

“దొంగతనంగా మిద్దె మీద తాగేకంటే నా కండ్ల ముందర తాగు. పుస్తకం తే. రాసుకో.”

మంచం మీద కూర్చుని చెప్పింది. రాసుకున్నాను. పెన్ను ఎర్రదే.

తీర్మానాలు:
1. దసరా అయ్యేదాకా లేదు.
2. తర్వాత ఆదివారం ఒక్క రోజే. ఒక్క సీసానే. బుధవారం కూడా దేవునికే.
3. నడింట్లో. అమ్మ ఎదురుగా.
4. ముందు కడుపునిండా తినాలి. కోపమొచ్చిన పొద్దు అసలు లేదు.

“అంతేనా?” అన్నాను.

“నాదొకటి ఉండాది” అంది త్రివేణి వంటింట్లోంచి. “మూడు పళ్ళేలు ఒకేసారి పెడతా. నువ్వు తిన్నంక నేను, నేను తిన్నంక అత్త, అట్ల కాదు. ముగ్గురం కూచోల్ల. రాసుకో.”

5. ముగ్గురం ఒకేసారి.

రాస్తుంటే అమ్మ పుస్తకంలోకి తొంగి చూసి, త్రివేణి చెప్పినదాని కింద గీత గీయమంది. గీశాను.

అక్టోబర్ 13, ఆదివారం నుంచి మొదలు. ఈసారి తప్పను. ఖచ్చితంగా తప్పను! సీసా నంబర్ 1కు జోడీ ఏమిటో ఇప్పుడే అనుకోవాలి. పుంటికూర పప్పు అయితే ఎట్లా ఉంటుంది? లేక చెనిక్కాయల ఊరిబిండి, జొన్న రొట్టె…

6:50. పళ్ళేలు మూడూ పెట్టేశారు. అమ్మ చెయ్యి కడుక్కుని కూర్చుంది గానీ ముద్ద ముట్టలేదు, నా కోసం ఆగింది. పుస్తకం మూస్తున్నాను.